జాతీయగీతానికి లేవని మైకాయన

ఆయన్ని అందరూ మైకాయన అనే పిలుస్తారు. అసలు పేరు భార్యకు తెలిసే ఉంటుంది గానీ, ఆవిడ కూడా పక్కింటివాళ్ళతో "మా మైకాయన ఇంకా రాలేదు" అనే అంటుంది. మైకు కట్టే పనిలో ఆయన చేసినంత ఆ చుట్టుపక్కల మరొకరు చేయలేదు. ఇది గొప్ప కోసం చెప్పే మాట కాదు, అడిగితే ఎవరైనా చెప్తారు. నలభై రెండేళ్ళలో ఆయన మైకు గొట్టాలు ఎక్కని స్తంభం లేదు. తొమ్మిది ఎన్నికలకు ఆయనదే మైకు. ఒకే నాయకుడు మూడు పార్టీల్లో ఉండి, మూడింటినీ కన్నతల్లితో పోల్చి చేసిన మూడు ప్రసంగాలూ ఆ మైకులోనే జరిగాయి. ఏరు పొంగినప్పుడు రెండు రోజులు నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని, ఏ వీధివాళ్ళు ఎటు వెళ్ళాలో గొంతు పోయేదాకా చెప్పింది ఆయనే. తప్పిపోయిన పిల్లల్ని అరవై ఏడు మందిని తల్లుల దగ్గరికి చేర్చిన గొంతు కూడా అదే. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఉద్యోగస్తులై కూడా, ఆయన ఎదురైతే ఆగి మరీ పలకరిస్తారు.

ఇక దేవుళ్ళ సంగతి. మూడు మతాలవాళ్ళ ప్రార్థనలూ ఆయన గొట్టాల్లోంచే పైకి వెళ్ళాయి. ప్రతివాళ్ళూ వచ్చి చెవిలో చెప్పే మాట ఒకటే: "వాళ్ళదానికంటే మాది కాస్త గట్టిగా పెట్టవయ్యా." ఆయన అందరికీ "అలాగేనండి" అనేవాడు. అందరికీ మీటను ఏడో గీత దగ్గరే పెట్టేవాడు. తమదే ఎక్కువ వినబడిందని అందరూ తృప్తిగా వెళ్ళిపోయేవారు. మతసామరస్యం మీద ఆ ఊళ్ళో సభలు చాలానే జరిగాయి గానీ, ఆ ఏడో గీత చేసినంత మేలు ఏ సభా చేయలేదు.

ఆయన యాంప్లిఫయరు వయసు కూడా నలభై రెండేళ్ళే. ఇనుపపెట్టె, ముందువైపు ఎర్రలైటు. అంత నిండైన శబ్దం ఇప్పటి సెట్లలో రాదని ఆయన నమ్మకం, అది నిజం కూడా. దానికున్న లోపం ఒక్కటే. గొట్టాలకు వెళ్ళే తీగను వెనకవైపు బిగించే మర మొదట్లోనే అరిగిపోయింది. ఆ రకం మర ఇప్పుడెక్కడా దొరకదు. అందుకని ప్రసంగాలప్పుడు తీగ పక్కన మడిచిన అట్టముక్క దూర్చి ఊరుకుంటాడు. మధ్యలో అది జారి నాలుగు మాటలు తెగిపోయినా చెప్పేవాడికి తెలియదు, వినేవాడికి నష్టమూ లేదు. కానీ ప్రార్థనకూ జాతీయగీతానికీ అలా కాదు. అవి రెండూ మధ్యలో తెగకూడదు. ఆ కాసేపూ అట్ట తీసేసి, తీగను కుడిచేతి బొటనవేలితో నొక్కిపట్టి కూర్చుంటాడు. వేలికి కాస్త జివ్వుమంటుంది. నలభై ఏళ్ళ నొక్కుడుకు ఆ వేలి మీద చిన్న గుంట పడింది.

ఎండకు పెట్టె వేడెక్కకుండా దాన్ని స్టేజీ చెక్కల కింద పెడతారు. అక్కడ మనిషి నిలబడేంత ఎత్తు ఉండదు. స్టేజీ మీద ఒక బల్ల ఉంది గానీ, దాని మీద వక్తలకిచ్చే జ్ఞాపికలు పెట్టాలి. పెట్టెకు వేరే బల్ల ఇప్పించమని మైకాయన పదకొండేళ్ళుగా అడుగుతున్నాడు. అంచేత నలభై రెండు జాతీయ దినోత్సవాలకు గీతం వినిపించిన ఆ మనిషి, జెండా పైకి వెళ్ళడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ ఏడు దినోత్సవం అయిన సాయంత్రానికి ఊరందరి ఫోన్లలోనూ ఒక వీడియో వచ్చింది. మైదానం నిండా జనం నిలబడి ఉన్నారు, గీతం వస్తోంది, స్టేజీ కింద ఒక ముసలాయన చెక్కపెట్టె మీద కూర్చుని, జెండాకు వీపు పెట్టి, తల వంచుకుని ఉన్నాడు. కింద రాసిన మాట: 'ఈ ద్రోహిని గుర్తుపట్టండి.' గీతం వస్తున్నంతసేపూ చేతులు కదపకుండా నిటారుగా ఉండాల్సిన మనిషి ఒకాయన ఫోను పట్టుకుని వంగి, స్టేజీ కిందికి తొంగిచూస్తూ ఈ వీడియో తీశాడన్నమాట. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఏమండీ, మీరు దేశద్రోహి అయ్యారట," అంది భార్య, ఉల్లిపాయలు తరుగుతూ.

"ఎవరన్నారు?"

"మీ చెల్లెలు ఫోన్ చేసింది. 'వదినా, అన్నయ్యకు మోకాళ్ళ నొప్పులని డాక్టరు దగ్గర రాయించు' అని సలహా కూడా ఇచ్చింది."

"నాకు మోకాళ్ళ నొప్పుల్లేవే."

"లేవనే నా ఏడుపు. ఉంటే ఈపాటికి గౌరవంగా బయటపడేవాళ్ళం." ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది. "అది సరే, ఆ వెనకాల చూడండి. మీ సంఘం అధ్యక్షులవారు చెవి దగ్గర ఫోను పెట్టుకుని మాట్లాడుతున్నారు."

"నిలబడేగా మాట్లాడుతున్నాడు."

"పక్కన ప్రవచనాల గురువుగారు ఆవలిస్తున్నారు."

"అదీ నిలబడే."

"అంటే దేశభక్తి అంతా కాళ్ళలోనే ఉంటుందన్నమాట! నాకిన్నాళ్ళూ తెలీలేదు."

ఆయనకు నవ్వు రాలేదు. కారణం ఉంది. పురపాలక మైదానంలో ఎవరు మైకు కట్టాలన్నా 'దేశభక్తి, దైవభక్తి, సత్ప్రవర్తన పరిరక్షణ సంఘం' ముద్ర ఉండాలని కిందటేడు తీర్మానమైంది. సంఘం పేరు పొడుగు, బోర్డు పొట్టి. చోటు చాలక సత్ప్రవర్తన అన్న మాటను అడుగున చిన్న అక్షరాలతో రాయించారు. ఆ ముద్ర రాకపోతే గీతం మరొకడి చేతిలోకి పోతుంది. అది రెండో లైనులో ఒకసారి, నాలుగో లైనులో ఒకసారి గరగరమంటూ తెగుతుంటే ఇంట్లో కూర్చుని వినాలి. డబ్బు పోతే పోయింది, ఆ గరగరను మాత్రం ఆయన ఊహలో కూడా తట్టుకోలేకపోయాడు.

మూడోరోజు సంఘం నుంచి పిలుపు వచ్చింది.

సంఘం ఆఫీసు సిమెంటు కొట్టు మీది అంతస్తులో ఉంటుంది. ఆ కొట్టు అధ్యక్షులవారిదే. ఊళ్ళో ఆయన్ని సిమెంటాయన అంటారు, ఎదురుగా మాత్రం అనరు. ఆయన సరఫరా చేసిన సిమెంటుతో కట్టిన బడి ప్రహరీగోడ తొలి వానకే పడుకుంది. దాని మీద విచారణ జరుగుతున్న రోజుల్లోనే ఆయన ఈ సంఘం పెట్టి, ప్రతి సభలోనూ అందరిచేతా నీతి ప్రతిజ్ఞ చేయించడం మొదలుపెట్టాడు. ఆయన పక్కన కూర్చునేది ప్రవచనాల గురువుగారు. త్యాగం మీద ఆయన చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. ఆ మాటల బలంతోనే రెండు మేడలు కట్టాడు.

మైకాయన మెట్లెక్కి వెళ్ళేసరికి కుర్చీల మీద సన్నగా సిమెంటు దుమ్ము పేరుకుని ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. అనకపోవడమే మంచిదనుకున్నాడు, ఈ కేసే కూర్చున్నందుకు వచ్చింది.

"ఏమయ్యా, ఎందుకు లేవలేదు?" అన్నాడు అధ్యక్షుడు.

"లేస్తే పాట ఆగిపోతుందండీ." ఆయన బొటనవేలు చూపించి, తీగ సంగతీ మర సంగతీ వివరంగా చెప్పాడు.

"పాట ఆగితే ఆగుతుంది. నువ్వు లేవాలి గదా!"

"పాటే లేకపోతే దేనికి లేవాలండీ?"

అధ్యక్షుడు గురువుగారి వంక చూశాడు. చిక్కు ప్రశ్నలన్నీ ఆయన శాఖలోకి వస్తాయి. గురువుగారు కళ్ళు మూసి తెరిచి, "నాయనా, భక్తి అనేది బయటికి కనబడాలి," అన్నాడు. "నీ లోపల ఎంతుందో మాకేం తెలుస్తుంది? కనబడనిది లెక్కలోకి రాదు."

"పోనీ ఒక బల్ల ఇప్పించండి. పెట్టె దాని మీద పెట్టి, నిలబడే నొక్కుతాను."

అధ్యక్షుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు. "నాలుగో నిబంధన. గీతం పూర్తయ్యేదాకా కదలకూడదు, రెండు చేతులూ తిన్నగా కిందికి ఉండాలి. నొక్కడానికి వీల్లేదు. ఒక సహాయకుణ్ణి పెట్టుకో, వాడు నొక్కుతాడు."

"వాడూ కూర్చునే నొక్కాలి కదండీ. అప్పుడు వాడు ద్రోహి అవుతాడు. వాడికింకో సహాయకుడు కావాలి."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడి చూపు తగిలి ఆ నవ్వు దగ్గుగా మారింది.

"అయితే ఒక పని చేద్దామండీ," అన్నాడు మైకాయన, నిజంగానే ఉపాయం దొరికిందనుకుని. "మైకు వద్దు. అందరం నోటితోనే పాడదాం. నాకు మొత్తం వచ్చు, నేను అందిస్తాను."

ఆ మాటతో గది ఒక్కసారిగా గంభీరమైపోయింది. సంఘం సభ్యులు పదకొండు మంది పదకొండు దిక్కులు చూశారు. "రికార్డయితేనే హుందాగా ఉంటుంది," అన్నాడు అధ్యక్షుడు తొందరగా. "ఆ చర్చ ఇక్కడితో ఆపుదాం."

తీర్పు అప్పుడే చెప్పేశారు. వచ్చే ఆదివారం మైదానంలో ప్రత్యేక సభ. గీతం వచ్చేటప్పుడు మైకాయన స్టేజీ మీద అందరి ఎదుట నిటారుగా నిలబడాలి. తరవాత గురువుగారు రాసిచ్చిన క్షమాపణ చదవాలి. చదివితే ముద్ర. చదవకపోతే ఆ మైదానంలో ఆయన నలభై రెండేళ్ళ పని అంతటితో సరి. ఆ సభకు మైకు ఎవరు కట్టాలన్న ప్రశ్న వస్తే, మళ్ళీ ఈయనే కట్టాలని ఏకగ్రీవంగా ఆమోదించారు, అదీ ఉచితంగా.

కాగితం ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ చదివి, మడత పెట్టింది.

"చదువుతారా?"

"నిలబడమంటే నిలబడతాను. అందులో నాకు నామోషీ ఏమీ లేదు. కానీ ఆ మొదటి మాట ఉంది చూడు, అవమానించానని... అది నా నోట రాదే. నలభై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తెగనివ్వలేదు నేను."

"మరేం చేస్తారు?"

"ఏమో. అక్కడికెళ్ళాక చూద్దాం."

"అక్కడికెళ్ళాక చూసేవాళ్ళు రాజకీయాల్లో ఉండాలి, మైకుల దగ్గర కాదు," అంది గానీ, ఆదివారం ఆవిడ కూడా బయలుదేరింది.

ఎండ చురచురలాడుతోంది. సభకు జనం బాగానే వచ్చారు. ఒకరి క్షమాపణ వినడానికి వచ్చినంత మంది ఇంకొకరి ప్రసంగం వినడానికి రారు. మైకాయన పొద్దున్నే వచ్చి గొట్టాలు కట్టాడు. తీగ పక్కన కొత్త అట్ట నాలుగు మడతలు పెట్టి దూర్చాడు, కదిపి చూశాడు, ఇంకో మడత పెట్టాడు. "ఇది ఆగుతుందని మాత్రం నేను పూచీ పడలేనండీ," అని అధ్యక్షుడికి రెండుసార్లు చెప్పాడు. "నువ్వు ముందు ఎక్కి నిలబడవయ్యా," అన్నాడాయన.

కింద రికార్డు మీట నొక్కి, గబగబా పైకెక్కి నిలబడ్డాడు. చేతులు తిన్నగా కిందికి. గీతం మొదలైంది. జెండా పైకి వెళ్తోంది. మైకాయన దాన్ని చూడడం అదే మొదలు. పాటను బట్టి ఇంకా పెద్దది అనుకున్నాడు. అయినా అది పైకి చేరి ఒక్కసారి గాలికి విచ్చుకునేసరికి, ఆయన తల ఇంకాస్త పైకెత్తి చూశాడు. ఇన్నాళ్ళూ దీనికేనా నేను పాట పట్టుకున్నది, అనుకున్నాడు.

సరిగ్గా రెండో లైను చివర అట్ట జారింది. ఒక్క గరగర. ఆ తరవాత ఏమీ లేదు.

ముందువరసలో కొందరు పాట అందుకోబోయి, ఒక మాట పాడి, పక్కవాడు అందిస్తాడేమోనని ఆగారు. పక్కవాడు కూడా అదే ఆశతో ఉన్నాడు. సంఘం సభ్యుల పెదాలు కాసేపు కదిలాయి, అందులోంచి శబ్దం రాలేదు. ఎవరో వెనకనుంచి "జై" అన్నారు. దానికి మాత్రం అందరూ పెద్దగా బదులిచ్చారు, ఒక్క మాటే కాబట్టి.

అధ్యక్షుడు పెదాలు కదపకుండా, "వెళ్ళి నొక్కవయ్యా!" అన్నాడు.

"నాలుగో నిబంధనండీ," అన్నాడు మైకాయన, ఆయనా పెదాలు కదపకుండా. "గీతం పూర్తయ్యేదాకా కదలకూడదు."

"అది ఆగిపోయింది కదా!"

"ఆగింది. పూర్తవలేదు."

ఇప్పుడు అందరికీ విషయం అర్థమైంది. గీతం పూర్తికాలేదు గనక ఎవరూ కూర్చోకూడదు. ఎదురుగా వంద ఫోన్లు వీడియో తీస్తున్నాయి గనక ముందుగా కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. ఐదు నిమిషాలు గడిచాయి. ఎనిమిది గడిచాయి. అధ్యక్షుడి మెడ మీదుగా చెమట కారి చొక్కాలోకి దిగుతోంది. గురువుగారికి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం ఒక వ్యాయామంలా తయారైంది. త్యాగం మీద ఇంతకాలం చెప్పిందంతా ఆయన అనుభవించి చూడడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. ముందుకు వచ్చి, మైకు లేకుండానే గొంతెత్తి అన్నాడు: "భక్తులారా! కింద యంత్రంలో పాట తిరుగుతూనే ఉంది. మన చెవికి వినబడలేదు, అంతే. ఈపాటికి అది సంపూర్ణమైపోయింది. వినబడనంత మాత్రాన లేదనుకోవడం అజ్ఞానం. కూర్చోండి."

మైదానం మొత్తం ఒక్క ఊపున కూర్చుంది. ఆ ఊరు గురువుగారి ప్రవచనాన్ని అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ ఆచరించలేదు.

"గురువుగారూ," అన్నాడు మైకాయన, "మొన్న నాతో కనబడనిది లెక్కలోకి రాదన్నారే?"

"అది నీ భక్తి, నాయనా. ఇది సంఘంవారి పాట," అన్నాడు గురువుగారు, కుర్చీలో సర్దుకుంటూ.

"ఇక ఆలస్యం వద్దు. చదువు," అని అధ్యక్షుడు తన దగ్గరున్న క్షమాపణ ప్రతి అందించాడు.

మైకాయన కాగితం తీసుకోలేదు. "చదివితే ఎవరికి వినబడుతుందండీ? ఆ అట్ట ఇక ఆగదు. మైకు పలకాలంటే నేను కింద కూర్చుని నొక్కాలి. నొక్కితే ఇక్కడ చదవలేను."

"కిందినుంచే చదువు!"

"అలా కుదరదు," అన్నాడు గురువుగారు. "మనిషి కనబడకుండా క్షమాపణ ఏమిటి? వీడియోలో స్టేజీ చెక్కలొస్తాయి."

వెనకవరసల్లోంచి జనం లేచి వెళ్ళడం మొదలైంది. క్షమాపణ కోసం ఇంత ఎండలో వచ్చినవాళ్ళు అది లేకుండా వెళ్ళిపోతే సంఘం పరువేం కాను? అధ్యక్షుడు ఇక ఆగలేకపోయాడు. "నువ్వెళ్ళి నొక్కు. నీ తరఫున నేనే చదువుతాను!"

మైకాయన స్టేజీ దిగి, వంగి, చెక్కల కిందికి వెళ్ళాడు. ప్రసంగాలకు ఆయన వేలు పెట్టడు, ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. వెతికితే ఇంకో అట్టముక్క దొరికేదే. ఆయన వెతకలేదు. తన చెక్కపెట్టె మీద కూర్చుని తీగ మీద బొటనవేలు ఆనించాడు. పైన గొట్టాలు గుర్రుమన్నాయి.

అధ్యక్షుడికి ఒక అలవాటుంది. రాసిచ్చిన కాగితాన్ని ముందుగా చూసుకోడు, చదివేటప్పుడు ఒక్క అక్షరం మార్చడు. ఒకసారి 'ఇక్కడ చప్పట్ల కోసం ఆగాలి' అన్నదాన్ని కూడా భావయుక్తంగా చదివిన మనిషి. ఇప్పుడూ అలాగే కళ్ళద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఊరంతా మోగేలా మొదలుపెట్టాడు.

"నేను మన జాతీయగీతాన్ని అవమానించాను. అందరూ నిలబడి ఉండగా నేను నా పని చూసుకున్నాను. నా ప్రవర్తనవల్ల ఈ ఊరి పరువు పోయింది. దేవుడికీ దేశానికీ నేను చేసిన ద్రోహాన్ని పెద్దలు క్షమించాలి. ఇకమీదట బుద్ధిగా నడుచుకుంటాను."

మైదానం ఒక్క క్షణం బిత్తరపోయింది. ఆ తరవాత ఎవరో చప్పట్లు కొట్టారు. అవి వరస వరసకూ పాకి, ఆయన జీవితంలో ఎన్నడూ అందుకోనంత పెద్ద చప్పట్లయ్యాయి. "బడిగోడ సంగతి కూడా చెప్పండి!" అని ఒక ఆడమనిషి అరిచింది. అధ్యక్షుడు నమస్కారం పెడుతూనే ఉన్నాడు. గురువుగారు చొక్కా పట్టుకుని లాగేదాకా ఆయనకు జరిగింది తెలియలేదు.

సాయంత్రానికి ఆ వీడియో ముందూ వెనకా కత్తిరించుకుని ఊరంతా తిరిగింది. కింద రాసిన మాట: 'ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.' చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. సోమవారం సంఘం అత్యవసరంగా సమావేశమై, ముందూ వెనకా లేని వీడియోలను ఎవరూ నమ్మరాదని తీర్మానం చేసింది. అలా చేశాక మైకాయన వీడియోను మాత్రం ఎలా నమ్ముతారు? మంగళవారం ఆయనకు ముద్ర వేసిన కాగితం వచ్చింది, పక్కన ఒక్క ముక్క కూడా రాయకుండా.

భార్య ఆ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసింది. "నిజం చెప్పండి. ఆ సిమెంటాయన తనను తానే అలా ఉతికి ఆరేసుకుంటుంటే, మధ్యలో ఒక్కసారి వేలు తీయాలనిపించలేదా మీకు? పాపం, సగమైనా తెగేది."

"అనిపించకేం? మొదటి మాటకే అనిపించింది."

"మరి?"

"నలభై రెండేళ్ళలో ఆ మైదానంలో ఒక పెద్దమనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పడం అదే మొదటిసారి విన్నానే," అన్నాడాయన, ఎర్రగా కందిన బొటనవేలిని చూసుకుంటూ. "తెగితే ఎలా?"